స్టేజీ ఒకటే, జబ్బులు రెండు: అమ్మకు మాత్ర, పిన్నికి ముందే కీమో ఎందుకు?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఇదే ఇబ్బందిలో ఉన్న మరికొందరికీ ఉపయోగపడుతుందని ముందు మీరు రాసింది క్లుప్తంగా చెప్పి, తర్వాత జవాబులోకి వస్తాను.

మీ అమ్మగారికి 58 ఏళ్లు. రొమ్ములో రెండున్నర సెంటీమీటర్ల క్యాన్సర్ గడ్డ. చంకలో తీసిన 14 గ్రంథుల్లో ఒకదానిలో జబ్బు కనిపించింది. గడ్డ వరకే తీసి రొమ్ము ఉంచారు. తీసిన ముక్కను జీన్ టెస్టుకు పంపితే రిస్క్ తక్కువని వచ్చింది. కీమో అక్కర్లేదని చెప్పి, కరెంటు (రేడియేషన్) పెట్టి, రోజుకొక లెట్రోజోల్ మాత్ర రాశారు. ఏడాది తిరక్కుండానే మీ పిన్నిగారికి, 41 ఏళ్లకే, మూడు సెంటీమీటర్ల గడ్డ బయటపడింది. చంకలో ఒక గ్రంథి ఉబ్బింది, సూది పరీక్షలో దానిలోనూ జబ్బు ఉందన్నారు. ఆపరేషన్ తర్వాత చూద్దాం, ముందు ఐదారు నెలలు కీమో అంటున్నారు. ఇద్దరిదీ రెండో స్టేజీయే. "ఒకే తల్లి పిల్లలు, ఒకే జబ్బు, ఒకే స్టేజీ. అమ్మకు వైద్యం తక్కువ చేశారా? పిన్నికి గడ్డ లోపలే ఉంచి ఆలస్యం చేస్తున్నారా?" ఇదీ మీ టెన్షన్.

పాతికేళ్లకు పైగా ఈ వైద్యంలో ఉన్నాను. మీరు రాసిన వివరాల ప్రకారం ఇద్దరు డాక్టర్లూ సరైన దారిలోనే వెళ్తున్నారు. స్టేజీ ఒకటే కానీ జబ్బు ఒకటి కాదు. జబ్బు ఎంత దూరం పాకిందో స్టేజీ చెబుతుంది. ఎంత వేగంగా పెరుగుతుంది, తిరగబెడితే ఎప్పుడు తిరగబెడుతుంది, ఎక్కడికి పోతుంది, ఏ మందుకు లొంగుతుంది అన్నవి రకాన్ని బట్టి ఉంటాయి. 2018లో అమల్లోకి వచ్చిన అమెరికన్ జాయింట్ కమిటీ స్టేజింగ్ పద్ధతిలో గడ్డ సైజు, గ్రంథులతో పాటు గ్రేడ్‌నీ (కణాలు మామూలు వాటికి ఎంత భిన్నంగా మారాయో చెప్పే 1 నుంచి 3 దాకా అంకె), ఈఆర్, పీఆర్, హెర్‌2 అనే పరీక్షల ఫలితాలనూ (వీటి సంగతి కింద చెబుతాను) లెక్కలో చేర్చారు. మన ఓపీల్లో నోటిమాటగా చెప్పే "రెండో స్టేజీ" మాత్రం చాలాసార్లు పాత లెక్కే. అందుకే మీకు రెండూ ఒకటే అనిపించాయి.

రకం ఏమిటో తెలిపే కాగితం మీ దగ్గరే ఉంటుంది. బయాప్సీ (ముక్క పరీక్ష) రిపోర్టుతో పాటు ఐహెచ్‌సీ అని, కణాలకు రంగు పట్టించి చూసే పరీక్ష రిపోర్టు మరొకటి ఇస్తారు. అందులో మూడు విషయాలు చూడండి. ఈఆర్, పీఆర్ అంటే క్యాన్సర్ కణాల్లో స్త్రీ హార్మోన్లు వచ్చి అతుక్కునే గ్రాహకాలు. ఇవి ఉన్న కణం ఈస్ట్రోజెన్ అందితే పెరుగుతుంది, అందకపోతే నీరసిస్తుంది. హెర్‌2 అనేది కణం పైపొర మీద ఉండే ప్రోటీన్. మామూలు కణంలోనూ కొద్దిగా ఉంటుంది. కొన్ని క్యాన్సర్లలో మాత్రం దాని జీన్ ఎన్నో ప్రతులుగా పెరిగిపోయి, కణం అదేపనిగా విభజన చెందుతూ ఉంటుంది. హెర్‌2 సున్నా గానీ 1+ గానీ వస్తే నెగెటివ్, 3+ వస్తే పాజిటివ్. 2+ వస్తే ఇంకా తేలలేదని అర్థం. హెర్‌2 జీన్ ప్రతులను లెక్కపెట్టే ఫిష్ టెస్ట్ చేయించి తేల్చుకోవాలి. 2+ రిపోర్టు పట్టుకుని ఫిష్ చేయించకుండానే నెలలు గడిపి నా దగ్గరికి వచ్చినవాళ్లు ఎంతోమంది ఉన్నారు. చూసిన ప్రతిసారీ బాధ వేస్తుంది.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. రిపోర్టు ఎంత నమ్మదగినదో అన్నది ఆ ముక్కను ఎలా భద్రపరిచారన్న దాని మీద ఉంటుంది. గడ్డ తీసిన గంటలోపే ఫార్మలిన్‌లో వేయాలి. కనీసం ఆరు గంటలు, ఎక్కువలో ఎక్కువ 72 గంటలు అందులో ఉంచాలి. ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో "కొవ్వు గడ్డే" అనుకుని ఆపరేషన్ చేసి, తీసిన గడ్డను ఉత్త సెలైన్ సీసాలో వేసి, మర్నాడు బస్సులో ఇచ్చి పంపారు. ల్యాబ్‌లో ట్రిపుల్ నెగెటివ్, అంటే ఈ మూడూ లేవని వచ్చింది. ఆమె వయసుకూ, గ్రేడ్ 1 జబ్బుకూ ఆ ఫలితం పొసగక, చంకలోని గ్రంథి నుంచి మళ్లీ ముక్క తీసి చేయిస్తే ఈఆర్ గట్టి పాజిటివ్. ముక్క పాడైపోయింది, అంతే. మొదటి రిపోర్టునే నమ్మి ఉంటే ఆమెకు హార్మోన్ మాత్ర అందేదే కాదు. అందుకే నిమ్మళంగా కనిపించే జబ్బుకు భయంకరమైన రిపోర్టు వచ్చినా, భయంకరమైన జబ్బుకు నిమ్మళమైన రిపోర్టు వచ్చినా మళ్లీ చేయించమని అడగడంలో తప్పులేదు. తీసిన ముక్కను ల్యాబ్‌లో మైనంలో పెట్టి ఉంచుతారు. ఆ మైనం దిమ్మెను బ్లాక్ అంటారు. అది మీది. అడిగి తీసుకుని జాగ్రత్తగా పెట్టుకోండి.

2000లో ఛార్లెస్ పెరూ, డేవిడ్ బాట్‌స్టీన్ బృందం రొమ్ము క్యాన్సర్ల జీన్లను పరిశీలించి, బయటికి ఒకేలా కనిపించే గడ్డలు లోపల వేర్వేరు కుటుంబాలకు చెందినవని చూపించింది. లూమినల్, హెర్‌2, బేసల్ అనే పేర్లు అక్కడి నుంచి వచ్చినవే. రోజువారీ వైద్యంలో మేము ఐహెచ్‌సీతోనే ఈ కుటుంబాలను దాదాపుగా గుర్తుపడతాం.

ఇప్పుడు మీ అమ్మగారి రకం. ఈఆర్, పీఆర్ గట్టిగా పాజిటివ్, హెర్‌2 నెగెటివ్, కేఐ-67 ఎనిమిది శాతం అని రాశారు. కేఐ-67 అంటే ఆ సమయంలో ఎన్ని కణాలు విభజనలో ఉన్నాయో చెప్పే లెక్క. నూటికి ఎనిమిది అంటే నెమ్మదైన జబ్బు. దీన్ని లూమినల్ ఏ అంటాం. ఇదే హార్మోన్ రకంలో గ్రేడ్ ఎక్కువై, కేఐ-67 బాగా పెరిగి, పీఆర్ తగ్గితే లూమినల్ బి. అది ఇంకొంచెం చురుగ్గా ఉంటుంది, కీమో అవసరం పడే అవకాశం ఎక్కువ.

కీమో పనిచేసేది ముఖ్యంగా విభజన చెందుతున్న కణాల మీద. నిదానంగా విభజన చెందే జబ్బుకు కీమో ఇస్తే జుట్టు ఊడుతుంది, రక్తకణాలు పడిపోతాయి, జబ్బుకు మాత్రం తగిలేది తక్కువ. దీన్ని పెద్ద అధ్యయనాలే తేల్చాయి. 2018లో వచ్చిన టైలర్‌ఎక్స్ అధ్యయనం, గ్రంథులకు పాకని వాళ్లలో చాలామందికి కీమో అక్కర్లేదని చెప్పింది. ఆ తర్వాత ఆర్‌ఎక్స్‌పాండర్ అధ్యయనం, ఒకటి నుంచి మూడు గ్రంథులకు పాకినా, ముట్లు ఆగిపోయిన స్త్రీలలో జీన్ టెస్టు స్కోరు 25 లోపు ఉంటే కీమో వల్ల అదనపు మేలు కనిపించలేదని చూపింది. మీ అమ్మగారు సరిగ్గా ఆ గుంపులోకే వస్తారు. ముట్లు ఆగని స్త్రీలలో మాత్రం అదే అధ్యయనంలో కీమో వల్ల మేలు కనిపించింది. కాబట్టి అమ్మకు వద్దన్నారు కదా అని 42 ఏళ్ల పక్కింటావిడ కీమో మానుకోకూడదు.

ఇక మాత్ర. "ఇంత పెద్ద జబ్బుకు ఒక్క చిన్న మాత్రా?" అని చాలామంది అనుమానంగా చూస్తారు. ఈ దారి మొదలై నూట పాతికేళ్లు దాటింది. 1896లో జార్జ్ బీట్సన్ అనే స్కాట్లాండ్ సర్జన్, ముదిరిపోయిన రొమ్ము క్యాన్సర్ ఉన్న స్త్రీకి అండాశయాలు తీసేస్తే గడ్డలు కరిగిపోయాయని ప్రకటించాడు. అప్పటికి ఈస్ట్రోజెన్ అనే పేరే లేదు. తర్వాత కణానికి ఈస్ట్రోజెన్ అందకుండా అడ్డుకునే టామోక్సిఫెన్ మాత్ర వచ్చింది. ఐదేళ్లు వాడితే ఈ రకం జబ్బుతో వచ్చే మరణాలు సుమారు మూడో వంతు తగ్గుతాయని దశాబ్దాల లెక్కలు చెబుతున్నాయి. ముట్లు ఆగిన తర్వాత అండాశయాలు ఈస్ట్రోజెన్ తయారు చేయవు గానీ కొవ్వు, కండరాలు కొద్దికొద్దిగా తయారు చేస్తూనే ఉంటాయి. లెట్రోజోల్ దాన్ని ఆపుతుంది. ఇది చిన్న వైద్యం కాదు. మీ అమ్మగారికి అసలు వైద్యం ఇదే.

ఈ రకంలో ఒక చిక్కు ఉంది, దాన్ని దాచకుండా చెప్పాలి. ఇది నిదానమైనదే, కానీ దీని జ్ఞాపకం పొడుగు. మొదటి రెండు మూడేళ్లలో తిరగబెట్టేది తక్కువ. ఐదేళ్లు దాటాక కూడా ప్రమాదం సున్నా కాదు, ఏటా కొంచెం చొప్పున ఇరవై ఏళ్ల దాకా సాగుతుంది. 2017లో దాదాపు 63 వేల మంది వివరాలతో వచ్చిన అధ్యయనంలో, ఐదేళ్లు మాత్ర వాడి బాగున్నవాళ్లను ఇరవయ్యో ఏడు దాకా గమనించారు. రెండు సెంటీమీటర్ల లోపు గడ్డ, గ్రంథులకు పాకనివాళ్లలో 13 శాతం మందికి వేరే అవయవాల్లో జబ్బు తిరగబెట్టింది. పెద్ద గడ్డ, నాలుగు నుంచి తొమ్మిది గ్రంథులు ఉన్నవాళ్లలో అది 41 శాతం. మీ అమ్మగారిలా రెండు సెంటీమీటర్లు దాటి, ఒకటి నుంచి మూడు గ్రంథులు ఉన్నవాళ్లలో సుమారు పావు వంతు. వాళ్లంతా పాత రోజుల్లో వైద్యం చేయించుకున్నవాళ్లు. ఇప్పటి మందులు మెరుగు కాబట్టి ఆ అంకెలను అలాగే అమ్మకు అంటించకండి. అయినా మాత్ర ఎందుకు మానకూడదో, ఐదేళ్ల తర్వాత కొనసాగించాలా వద్దా అని డాక్టరుతో ఎందుకు మాట్లాడాలో ఆ అంకెలే చెబుతాయి. ఇలాంటి వాళ్లలో కొందరికి లెట్రోజోల్‌తో పాటు కణ విభజనను అడ్డుకునే రైబోసిక్లిబ్ మాత్ర కలిపి ఇవ్వడానికి 2024లో అమెరికాలో అనుమతి వచ్చింది. అది అమ్మగారికి అవసరమా, ఆమె ఒంటికి సరిపోతుందా అని ఒకసారి అడగండి.

నేను ఎక్కువగా చూసే విషాదం ఏమిటంటే, మూడో ఏట మాత్ర మానేయడం. కీళ్ల నొప్పులు, ఒళ్లు వేడెక్కడం, నిద్ర పట్టకపోవడం, ఇవన్నీ నిజమైన బాధలే. "జబ్బు పోయింది కదా, ఈ నొప్పులెందుకు" అని ఎవరికీ చెప్పకుండా మానేస్తారు. కొన్నేళ్ల పాటు ఏమీ కాదు. తర్వాత నడుం నొప్పి అని వస్తారు. అమ్మకు నొప్పులుంటే డాక్టరుకు చెప్పండి. అదే కోవలో వేరే మాత్రకు మార్చవచ్చు. ఎముకల బలానికి డెక్సా స్కాన్ చేయించి, క్యాల్షియం, విటమిన్ డి చూసుకోవాలి. ఈ మందు ఎముకలను పలచబరుస్తుంది.

ఈ రకం ఎక్కువగా పోయేది ఎముకలకే. వెన్నుపూస, తుంటి, పక్కటెముకలు. ఎముకల్లో ఉన్నంతవరకు చాలామంది ఏళ్ల తరబడి మాత్రలతోనే, తమ పని తాము చేసుకుంటూ బతుకుతున్నారు. కాబట్టి అమ్మకు రెండు మూడు వారాలైనా తగ్గని కొత్త నొప్పి, ముఖ్యంగా రాత్రి పడుకున్నా వదలని నొప్పి వస్తే చూపించాలి. అంతేగానీ ఏ బాధా లేకుండా ఆరునెలలకోసారి పెట్ స్కాన్ చేయించడం వల్ల ఆయుష్షు పెరుగుతుందని ఎక్కడా రుజువు కాలేదు. ఏడాదికోసారి మామోగ్రామ్, డాక్టరు చేతి పరీక్ష చాలు.

పసరు మందు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మీ ఊళ్లో ఒకరు పసరుతో నయం చేశారని ఎవరో అంటున్నారని రాశారు. లూమినల్ ఏ గడ్డ ఏమీ చేయకపోయినా ఆరు నెలల్లో పెద్దగా పెరిగినట్టు కనిపించకపోవచ్చు. ఆ ఆరు నెలల పేరు పసరు ఇచ్చినాయనకు పోతుంది. అదే నమ్మకంతో మీ పిన్నిగారి లాంటి జబ్బుతో ఆయన దగ్గరికి వెళ్తే, మూడు నెలల్లో రెండో స్టేజీ మూడోదీ నాలుగోదీ అయిపోవచ్చు. రకాల తేడా తెలియకపోవడం వల్లే ఆ పేర్లు నిలబడుతున్నాయి. ఆడవాళ్లు పోతున్నారు.

పిన్నిగారి రిపోర్టులో మూడూ నెగెటివ్. గ్రేడ్ 3, కేఐ-67 డెబ్బై శాతం. ట్రిపుల్ నెగెటివ్ అంటే ఇదే. పాశ్చాత్య దేశాల్లో వంద రొమ్ము క్యాన్సర్లలో పది పదిహేను ఇలాంటివి. మన దేశంలో వచ్చిన అధ్యయనాల్లో పావు వంతు నుంచి మూడో వంతు దాకా కనిపిస్తున్నాయి. మన దగ్గర ఈ జబ్బు సగటున పదేళ్లు ముందే వస్తుండటం దానికి ఒక కారణం.

ఇది చిన్న వయసులో వస్తుంది, వేగంగా పెరుగుతుంది. మామోగ్రామ్‌లో గుండ్రంగా, నున్నటి అంచులతో కనిపించి చాలాసార్లు మోసం చేస్తుంది. అలాంటి గడ్డను చూసి, వయసు కూడా చిన్నదైతే, "ఫైబ్రోఎడినోమా (క్యాన్సర్ కాని గడ్డ), ఏం కాదు" అని పంపేసిన సందర్భాలు నాకు తెలుసు. కొత్తగా వచ్చి, నెలనెలా పెరుగుతున్న గడ్డ ఎంత నున్నగా ఉన్నా ముక్క పరీక్ష చేయాలి. సూది గుచ్చితే క్యాన్సర్ పాకిపోతుందన్న భయం అవసరం లేదు. గుచ్చకపోతే ఏ వైద్యం చేయాలో ఎవరికీ తెలియదు.

మరి ఇంత వేగమైన జబ్బును లోపలే ఉంచి కీమో ఎందుకు? వేగమైనదే కాబట్టి. మూడింట్లో ఏదీ లేదు కాబట్టి హార్మోన్ మాత్ర పనిచేయదు, హెర్‌2 ఇంజెక్షన్ పనిచేయదు. కానీ నూటికి డెబ్బై కణాలు విభజనలో ఉన్నాయంటే కీమోకు దొరికే కణాలు కూడా అన్ని ఉన్నాయని అర్థం. ఈ రకం గడ్డలు కీమోకు కళ్లెదుటే కరుగుతాయి. రెండో కారణం ఇంకా ముఖ్యం. ఆపరేషన్ ముందే చేసేస్తే తర్వాత ఇచ్చే కీమో పనిచేస్తోందో లేదో చూడటానికి గడ్డ ఉండదు. గడ్డ ఉండగానే ఇస్తే ప్రతి డోసు తర్వాత చేత్తో, స్కానింగ్‌లో చూడవచ్చు. ఆపరేషన్‌లో తీసిన భాగంలో ఎక్కడా బతికున్న క్యాన్సర్ కణం లేదని తేలితే, ఆ వ్యక్తికి జబ్బు తిరగబెట్టే ప్రమాదం బాగా తగ్గినట్టే. ఇంకా మిగిలి ఉంటే అదనపు మందు ఇవ్వవచ్చు. అలాంటి వాళ్లకు కేపసిటాబిన్ మాత్రలు ఇస్తే బతికేవాళ్ల సంఖ్య పెరిగిందని 2017లో వచ్చిన క్రియేట్‌ఎక్స్ అధ్యయనం చూపించింది. ముందే ఆపరేషన్ చేసి ఉంటే ఆ సమాచారమే చేతికి రాదు. కాబట్టి పిన్నిగారి డాక్టరు ఆలస్యం చేయడం లేదు. అసలు వైద్యం ముందు మొదలుపెట్టారు.

ఈ కీమోకు పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ (క్యాన్సర్ మీదికి ఒంటి రోగనిరోధక శక్తిని ఉసిగొల్పే మందు) కలిపితే, గడ్డ పూర్తిగా కరిగేవాళ్లు 51 శాతం నుంచి 65 శాతం దాకా పెరిగారని కీనోట్-522 అధ్యయనంలో తేలింది. ఇది చాలా ఖరీదైన మందు. మధ్యతరగతి ఇంట్లో పొలం అమ్మాలా వద్దా అన్న ప్రశ్న దగ్గర ఆగిపోతుంది. మీరు అడగలేదు గానీ నా మాట: కుదిరితే మంచిదే, కుదరకపోతే పిన్నికి వైద్యం అందలేదని బాధపడకండి. కీమో ఒక్కదానితోనే సగం మందికి పూర్తిగా కరిగింది. ఆ సగాన్ని మర్చిపోయి మిగతా పద్నాలుగు శాతం కోసం ఇల్లు గుల్ల చేసుకున్న కుటుంబాలను చూశాను. ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి ఏవి ప్రభుత్వ ఆరోగ్య పథకంలో వస్తాయో, ఏవి రావో మొదటి రోజే రాయించుకోండి. హైదరాబాద్ ఎంఎన్‌జే, నిమ్స్, విశాఖ అగనంపూడిలోని హోమీ బాబా క్యాన్సర్ ఆసుపత్రి, తిరుపతి స్విమ్స్ లాంటి చోట్ల కీమో మొత్తం పద్ధతిగా జరుగుతుంది.

కీమో మొదలయ్యే ముందు ఒక్క విషయం తప్పక అడగండి. గడ్డలో క్లిప్ పెట్టారా? కీమోకు గడ్డ పూర్తిగా కరిగిపోతే, తర్వాత సర్జన్‌కు ఎక్కడ కోయాలో ఆనవాలు ఉండదు. చిన్న లోహపు గుర్తు ముందే పెట్టించుకుంటే రొమ్ము మొత్తం తీయాల్సిన అవసరం చాలామందికి రాదు.

ఈ రకం తిరగబెడితే త్వరగా తిరగబెడుతుంది. మొదటి మూడేళ్లు ప్రమాదం ఎక్కువ. ఎముకల కంటే ఊపిరితిత్తులకు, మెదడుకు, కాలేయానికి పోతుంది. అందుకే తగ్గని దగ్గు, ఆయాసం, పొద్దున్నే వాంతితో వచ్చే తలనొప్పి ఉంటే నాన్చకూడదు. కానీ ఐదేళ్లు క్షేమంగా దాటితే ప్రమాదం బాగా పడిపోతుంది. పదేళ్ల తర్వాత ఇదే జబ్బు తిరిగి రావడం అరుదు. అంటే మీ ఇంట్లో భయం క్యాలెండర్లు రెండు. పిన్నిగారికి మొదటి మూడేళ్లు గట్టిగా కాపు కాయాలి, తర్వాత ఊపిరి పీల్చుకోవచ్చు. అమ్మగారికి మొదట్లో కంగారు లేదు, కానీ కాపు చాలా ఏళ్లు ఉంటుంది. ఇద్దరిలో ఎవరిది ఎక్కువ ప్రమాదం అని అడిగారు. ఈ ఏడాది అడిగితే పిన్నిది. పన్నెండేళ్ల తర్వాత ఇదే ప్రశ్న అడిగితే జవాబు తిరగబడవచ్చు.

మీ ఇంట్లో లేని మూడో రకం హెర్‌2 పాజిటివ్. వందలో పదిహేను ఇరవై మంది. దీని గురించి చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే నేను వైద్యం మొదలుపెట్టిన రోజుల్లో మమ్మల్ని ఎక్కువ ఏడిపించిన రకం ఇది. ఆపరేషన్, కీమో, కరెంటు, అన్నీ అయ్యాక ఏడాదిన్నరకే కాలేయంలోనో మెదడులోనో బయటపడేది. 1987లో అమెరికాలో డెన్నిస్ స్లేమన్ ఈ జీన్ పెరిగిన వాళ్లకు జబ్బు ముదురుగా ఉంటుందని కనిపెట్టాడు. ఆ ప్రోటీన్‌నే పట్టుకునే ట్రాస్టుజుమాబ్‌కు 1998లో అనుమతి వచ్చింది. 2005లో తొలి దశ జబ్బులో కూడా వాడి చూస్తే తిరగబెట్టడం దాదాపు సగానికి తగ్గింది. కానీ మాకు అప్పుడు దాని ధర చెప్పడానికి కూడా నోరు వచ్చేది కాదు. 2014లో బెంగళూరు బయోకాన్ వాళ్లు దేశీయంగా తయారుచేసిన ట్రాస్టుజుమాబ్ మార్కెట్లోకి వచ్చింది, తర్వాత ఇంకొన్ని కంపెనీలవీ వచ్చాయి. ఇప్పుడు నా ఓపీలో ఈ రకం వాళ్లు ఏళ్ల తర్వాత కూతురి పెళ్లి శుభలేఖ పట్టుకుని వస్తున్నారు.

ఈ ఇంజెక్షన్ మూడు వారాలకోసారి, మొత్తం ఏడాది. గుండె మీద ప్రభావం ఉంటుంది కాబట్టి మూడు నెలలకోసారి ఎకో చేయించాలి. కీమోతో కలిపి ఆపరేషన్‌కు ముందే ఇచ్చినా గడ్డ ఇంకా మిగిలితే, టీడీఎం1 అనే మందుకు (ట్రాస్టుజుమాబ్‌కు కీమో మందు తగిలించినది) మారిస్తే తిరగబెట్టడం సగానికి తగ్గుతుంది. మెదడులోకి పోయే గుణం మాత్రం ఈ రకానికి ఇప్పటికీ ఉంది. ట్రాస్టుజుమాబ్ పెద్ద అణువు, మెదడు గడప దాటి సరిగా లోపలికి వెళ్లలేదు. ఒళ్లంతా బాగుండి, తలనొప్పి ఒక్కటే ఉన్నా వీళ్లలో తేలిగ్గా తీసుకోను.

ఐహెచ్‌సీతో తేలని మరో తేడా సూక్ష్మదర్శినిలో కనిపించే ఆకారం. మీ అమ్మది, పిన్నిది ఇద్దరివీ డక్టల్ అని రాశారు, ఎక్కువమందిది అదే. పదిమందిలో ఒకరికి లోబ్యులర్ రకం ఉంటుంది. అందులో కణాలను ఒకదానికొకటి అంటించి ఉంచే ఈ-క్యాడ్‌హెరిన్ అనే ప్రోటీన్ ఉండదు. కాబట్టి కణాలు ముద్దగా గడ్డ కట్టవు, చీమల బారులా ఒక్కొక్కటిగా పాకుతాయి. చేతికి గడ్డ తగలదు, రొమ్ము కాస్త గట్టిపడినట్టు మాత్రమే ఉంటుంది. మామోగ్రామ్‌లో కూడా కనిపించకుండా తప్పించుకుంటుంది, ఎంఆర్‌ఐలో సరైన సైజు తెలుస్తుంది. ఎక్కువగా హార్మోన్ రకమే, మందుకు లొంగుతుంది, కానీ పోయే దారులు వింతగా ఉంటాయి. కడుపు పొర, పేగులు, అండాశయాలు. వైద్యం అయిన తొమ్మిదేళ్లకు పొట్ట ఉబ్బరమని వచ్చిన ఒకావిడకు వేరే చోట ఏడాది పాటు గ్యాస్ మందులే ఇచ్చారు. పాత రిపోర్టులో లోబ్యులర్ అన్న ఒక్క మాట ఎవరూ చదవలేదు. పొట్టలోంచి తీసిన ముక్కలో అదే జబ్బు, అదే ఈఆర్ పాజిటివ్. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా, కడుపు నొప్పికి వెళ్లినా సరే, పాత బయాప్సీ కాగితం పట్టుకెళ్లండి.

ఇంకొకటి ఇన్‌ఫ్లమేటరీ క్యాన్సర్. అరుదు, కానీ దీన్ని గుర్తుపట్టడం ఇంట్లోవాళ్ల చేతిలోనే ఉంది. కొద్ది వారాల్లోనే రొమ్ము ఎర్రబడి, వాచి, చర్మం బత్తాయి తొక్కలా గుంతలు గుంతలుగా మారుతుంది. గడ్డ ఉండకపోవచ్చు. పాలిచ్చే తల్లుల్లో చీము పట్టిందనుకుని యాంటీబయాటిక్స్ మార్చి మార్చి ఇస్తారు. రెండు వారాల మందుకు తగ్గకపోతే చర్మంతో సహా ముక్క తీసి పరీక్ష చేయాల్సిందే. బయటపడేసరికే కనీసం మూడో స్టేజీ. దీనికి ముందు కీమో, తర్వాత రొమ్ము మొత్తం తీయడం, తర్వాత కరెంటు. ఈ వరస మార్చకూడదు.

మ్యూసినస్, ట్యూబ్యులర్ అని రిపోర్టులో ఉంటే సాధారణంగా మెతక రకాలు. మెటాప్లాస్టిక్ అని ఉంటే మొండిది, కీమోకు అంత తేలిగ్గా కరగదు. మగవాళ్లకూ వస్తుంది, వందలో ఒక కేసు. ఎక్కువగా హార్మోన్ రకం, ఎక్కువగా ఆలస్యంగా వస్తారు. ఎవరికైనా జబ్బు తిరగబెడితే మళ్లీ ముక్క తీసి ఐహెచ్‌సీ చేయించాలి. కొందరిలో రకం మారిపోతుంది.

చివరగా మీ గురించి. మీరు అడగలేదు, కానీ ఇద్దరు అక్కచెల్లెళ్లకు రావడం, అందులో చెల్లెలికి 41 ఏళ్లకు ట్రిపుల్ నెగెటివ్ రావడం చూస్తే పిన్నిగారికి బీఆర్‌సీఏ జీన్ పరీక్ష (రొమ్ము క్యాన్సర్ ముప్పు పెంచే, వారసత్వంగా వచ్చే జీన్ లోపం కోసం చేసేది) తప్పకుండా చేయించాలి. బీఆర్‌సీఏ1 లోపం ఉన్నవాళ్లలో వచ్చేది ఎక్కువగా ఈ ట్రిపుల్ నెగెటివ్ రకమే. ముందు పరీక్ష పిన్నికి, మీకు కాదు. ఆమెలో లోపం దొరికితే అదే లోపం కోసం అమ్మకు చూస్తారు. అమ్మకు ఉంటే మీకు వచ్చే అవకాశం సగానికి సగం. అమ్మకు లేకపోతే ఈ దారిన మీకు రాదు. మీకు ఉందని తేలితే ఏటా ఎంఆర్‌ఐ, ముప్పై దాటాక మామోగ్రామ్, పిల్లల్ని కన్నాక అండాశయాలు తీయించుకునే విషయం, ఇవన్నీ కూర్చుని నింపాదిగా మాట్లాడుకోవాలి. లేకపోయినా నలభై నిండగానే ఏటా మామోగ్రామ్ మొదలుపెట్టండి.

పిన్నికి కూడా ఆ ఫలితంతో నేరుగా పని ఉంది. కీమో తర్వాత జబ్బు మిగిలి, బీఆర్‌సీఏ లోపం ఉంటే ఓలాపరిబ్ అనే మాత్ర ఉంది. రెండో రొమ్ము, అండాశయాల గురించి సర్జన్ తీసుకునే నిర్ణయం కూడా దాన్ని బట్టి మారుతుంది. రిపోర్టు రావడానికి కొన్ని వారాలు పడుతుంది. కీమో మొదటి డోసు రోజునే రక్తం ఇచ్చి పంపిస్తే, ఆపరేషన్ గురించి మాట్లాడే సమయానికి అది మీ చేతిలో ఉంటుంది.